కంభం లేని కప్పు కింద అన్నం

తొంభై ఆరులో అరబ్బుల దేశంలో, సిత్రా రేవు దగ్గర గోధుమల గోదాం కట్టేటప్పుడు, దాని కప్పు కింద కాలు పెట్టనని మొండికేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అది మామూలు కప్పు కాదు. రేకు చుట్టలను అక్కడే మిషన్లో పెట్టి విల్లులా వంచారు. వంచిన రేకులను నేల మీదే అంచుకు అంచు మడిచి బిగించి, క్రేనుతో లేపి, ఒక కొస ఈ గోడ మీద, ఇంకో కొస ఆ గోడ మీద ఆనించారు. మధ్యలో కంభం లేదు, దూలం లేదు. గోధుమలు గుట్టగా పోస్తే లోడరు అడ్డు లేకుండా తిరగాలట. దూలాలుంటే పావురాలు చేరి రెట్టలేస్తాయట. ఇదంతా గోధుమలకు మంచిదే. కింద నిలబడే మనిషి సంగతేమిటి?

అంతకు ముందు ఇంకో కంపెనీలో షెడ్డు కూలి నా కాలు విరిగింది. దానికి కంభాలూ ఉన్నాయి, దూలాలూ ఉన్నాయి. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు కూలీల క్యాంపు నుంచి ఒక్కడూ తొంగి చూడలేదు, మా ఊరివాళ్లతో సహా. అప్పటి నుంచి కప్పులనూ మనుషులనూ ఒకేలా చూసేవాణ్ణి.

మొదటి వరస లేచిన రోజే దాని నడుమ ఒక పరంజా పైపు నిలబెట్టి పైకి ఆనించాను. రేకు పని ఫోర్‌మన్ ఉబైద్ చూశాడు. కోరుట్ల మనిషి.

"ఏంది దేవన్నా, కప్పుకు చేతికట్టె ఇస్తున్నవా?"

"పడకుండ."

"అరె భాయ్, ఇది ఎండకు సాగుతది, గాలికి కదులుతది. బరువంత గోడల మీదికి పోతది. నడుమ నీ పైపు అడ్డం నిలవడితే ఆడ్నే నొక్కుకొని మడత పడ్తది. తియ్యి, నీకో దండం!"

తీశాను. లోపలికి మాత్రం పోలేదు.

ఇంజనీరు కృష్ణప్రసాద్ గారు పిలిపించారు. "చూడు దేవన్నా, గోధుమల ఓడ వచ్చేస్తోంది. గచ్చు మేస్త్రీవి నువ్వు. నడిమధ్య గచ్చు వెయ్యనంటే నిన్ను ఇంటికి పంపేసి ఇంకొకణ్ణి తెచ్చుకోవాలి. నా చేతుల్లో ఏం లేదయ్యా."

ఉబైద్ అడ్డం వచ్చాడు. "ఒక్క వారం ఆగుండ్రి సార్. అప్పటిదాక అంచులు చేస్తడు. నడుమకు నేను తోలుకొస్త."

నా తరఫున మాట ఇవ్వడానికి ఇతనెవరు అనుకున్నాను.

మధ్యాహ్నం గ్యాంగంతా కప్పు కింద ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూచుని తినేవారు. నేను బయట ఎండలో విడిగా తినేవాణ్ణి. ఆ రోజు ఉబైద్ సుఫ్రాను, అంటే కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డను, వాకిట్లో సగం ఎండకు, సగం నీడకు పరిచాడు.

"యల్లా, రా, కూసో. నీ దిక్కు పచ్చిపులుసు వెట్టిన."

"కప్పు కన్న ముందు ఈ ఎండనే సంపుతది నిన్ను," అన్నాడు రేకులు బిగించే ఖలీద్. అందరూ నవ్వారు. నేను ఎండ వైపు కూచున్నాను.

రోజూ సుఫ్రా పరిచేది ఉబైదే. పైకి చూడకుండా, ఇంకా వాకిలి దగ్గరే ఉన్నామనుకుని, నేను అతని మడమలు చూసుకుంటూ పోయి, తల వంచుకుని తిని, అలాగే బయటికి వచ్చేసేవాణ్ణి.

ఓడ రేవుకు చేరిందన్న రోజున, తింటుండగా గాలి లేచింది. కప్పంతా గుయ్యిమని మోగింది. లేచి వాకిలి కోసం చూశాను. ఎటు చూసినా గోడ దూరంగా ఉంది.

"ఉబైద్ భాయ్, మనం ఏడ కూసున్నం?"

"నడుమ. మొన్నటి సంది నడుమనే."

"చెప్పవైతివేంది?"

"చెప్తే తింటుంటివా? దినాం జరంత లోపలికి జరిపిన. కూసో, పచ్చిపులుసుల ఇసుక పడ్తది." మోచెయ్యి పళ్లెం మీద అడ్డం పెట్టి, నా వైపు ముద్దను కాపాడుతున్నాడు.

పైకి చూశాను. రేకు కొంచెం ఊగి, మళ్లీ కుదురుకుంది. నిలబడే ఉంది. కూచుని పళ్లెంలో చెయ్యి పెట్టాను. ఎవరి గురించీ మంచి మాట అనని నోరు నాది. ఆ మనిషి మాత్రం ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

తినడం కాగానే తాపీ అందుకుని, సుఫ్రా పరిచిన చోటి నుంచే గచ్చు మొదలుపెట్టాను.

సుఫ్రా దులుపుతూ ఉబైద్ అడిగాడు. "మరి రేపు ఏడ తిందాం?"

"నా గచ్చు ఆరేదాక లోపలికి అడుగు వెట్టకు. బయట ఎండల తిను."

మరునాడు ఇద్దరం ఎండలోనే తిన్నాం.