పడవలవాడ మొదటి అక్షరం

శామ్సన్ కోసిన ‘ప’ మళ్ళీ విరిగింది. తలకట్టు ఒక ముక్క, ఒళ్ళు ఒక ముక్క. చెక్క కోసే రౌటర్ ఆపి, కళ్ళద్దాల మీది పొట్టు చొక్కాతో తుడుచుకుని, రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని చూశాడు. చెక్కలో లోపం లేదు. కోతే పక్కకు జరిగింది.

డ, వ, ల, వా, డ గోడకు ఆనించి ఉన్నాయి. అవన్నీ తంటాలు పడితే వచ్చాయి. వాటిలో ఒంటిని అంటని ముక్క ఏదీ లేదు. ‘ప’కు అలా కాదు, తలకట్టు విడిగా పైన ఉంటుంది. కాగితం మీద ఇబ్బంది లేదు గానీ చెక్కలో కోస్తే ఊడి కింద పడుతుంది. అందుకని రెంటినీ కలుపుతూ సన్నటి వంతెన ఒకటి గీశాడు. రౌటర్ మొనకున్న బిట్టు వెంట్రుకవాసి జరిగినా ఆ వంతెన నిలవదు. ఈ వారమంతా బిట్టు జరుగుతూనే ఉంది.

‘పడవలవాడ’ సినిమాకు మర్నాడు పొద్దున ముహూర్తం. వేదిక మీద దేవుడి పటాల పక్కన సినిమా పేరు నిలబెట్టాలి. ఫిల్మ్ నగర్‌లో ఇలాంటివి థర్మకోల్‌తో కోస్తారు, రంగు కొడతారు, పని అయ్యాక పారేస్తారు. టేకు కావాలంటే థర్మకోల్ మీద టేకు చారలు గీస్తారు. ఆ చారలు గియ్యడంలో శామ్సన్‌కు పేరుంది. గుంటూరు నుంచి వచ్చి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పటి నుంచి తలుపులు, దూలాలు, సింహాసనాలు, ఒకసారి శవపేటిక కూడా థర్మకోల్‌తోనే టేకు చేశాడు. షూటింగ్ అయ్యాక అవి స్టూడియో ఫ్లోరు వెనక వానకు తడిసి, తెల్లటి పూసలుగా రాలడం కూడా చూశాడు. తన చేత్తో చేసినది ఒక్కటైనా నిలవాలన్న కోరిక అక్కడ పుట్టింది.

ఆ కోరికతోనే, లాప్‌టాప్‌లో గీసిన బొమ్మను చెక్కలో కోసే మిషన్ కట్టాడు. అల్యూమినియం కడ్డీలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన మోటర్లు, ఒక రౌటర్, పాత లాప్‌టాప్. అద్దెకున్న ఇంటి యజమానురాలు పుష్పవల్లి కారు అమ్మేశాక ఖాళీగా ఉన్న షెడ్డు ఇచ్చింది. మిషన్ కదిలింది. అది కదిలిన రోజునే వెళ్ళి ఆర్ట్ డైరెక్టర్ బాలనర్సయ్యను అడిగాడు: ఒక్క సినిమా పేరు నిజం టేకుతో చేస్తాను, ఇవ్వన్నా అని.

“తెర మీద చెక్కయినా గదే, థర్మకోలయినా గదే. నీకేం పిచ్చి?” అన్నాడు బాలనర్సయ్య.

“తెర మీద కాదన్నా. తర్వాత వాళ్ళ ఆఫీసు గోడకు పెట్టుకుంటారు. ఉంటుంది.”

“సరే, చెయ్. గనీ మొత్తం చెక్కే ఉండాలె. ప్రొడ్యూసర్‌కి టేకు అని చెప్తున్న. మధ్యల తుస్సుమనిపిస్తే మల్ల చెక్క పేరు నా ముంగట ఎత్తకు.”

ఇదీ ఒప్పందం. ఇప్పుడు ‘ప’ రెండు ముక్కలుగా అతని చేతిలో ఉంది. ఆ మందంలో ఆరిన టేకు పలక అదే చివరిది. డిపోకు ఫోన్ చేస్తే, రేపు సాయంత్రానికి చూద్దాం అన్నారు.

ఈ వారంలో అతను అనుమానించనిది లేదు. బొమ్మ తప్పేమోనని మళ్ళీ గీశాడు. కరెంటు తగ్గుతోందేమోనని స్టెబిలైజర్ పెట్టాడు. మోటరు మార్చాడు. బిట్టు మార్చాడు. మార్చిన ప్రతిసారీ కాసేపు బాగానే నడిచేది, తర్వాత ఒకచోట మోటరు గుర్రుమని పట్టేసి, మళ్ళీ కదిలేది. లాప్‌టాప్‌కు ఆ సంగతి తెలియదు. బిట్టు ఒకచోట ఉంటే అది ఇంకోచోట ఉందనుకుని కోయించుకుపోయేది.

విప్పనిది ఒక్కటే మిగిలింది: బల్ల కింద మిషన్‌ను ముందుకీ వెనక్కీ నడిపే, బోల్టులా మరలు తిరిగిన కడ్డీ. దాని మీద పొట్టు పడకుండా రెగ్జిన్ తొడుగు తనే కుట్టాడు. లోపలికి ఏదీ పోదన్న ధీమాతో దాని జోలికి పోలేదు. ఇప్పుడు నేల మీద పడుకుని తొడుగు ఊడదీశాడు. కడ్డీ మరల నిండా పసుప్పచ్చటి ముద్ద. వేలితో గీకి వాసన చూశాడు. పసుపు. పసుపుతో బాటు నూనె. మధ్యలో నట్టు దగ్గర చిక్కుకుని నలిగిన బియ్యపు గింజలు.

“అమ్మా!” అని అరిచాడు.

అంతోనమ్మ చేతికి శనగపిండి అంటుకునే ఉండగా షెడ్డులోకి వచ్చింది. ఆ వెనకే, ఆ కేక ఎవరికోసమైనా సరే తనకూ వినపడింది కాబట్టి, పుష్పవల్లి వచ్చింది.

“ఇందులో నూనె ఎవరు పోశారు?”

అంతోనమ్మ కొడుకు వేలి వైపు, తర్వాత పుష్పవల్లి వైపు చూసింది. “పోయలేదురా. రాశాను. పాస్టర్‌గారు ప్రార్థన చేసిచ్చిన నూనె. నీ మిషన్ సతాయిస్తోందని నువ్వేగా, ప్రార్థన చెయ్యమ్మా అన్నావు.”

“చెయ్యమన్నాను గానీ రాయమన్నానా? తొడుగు ఎత్తి మరీ లోపల ఎందుకు రాశావు?”

“పైన రాస్తే ఆవిడ చూసి ఏమనుకుంటారో అని. వాళ్ళ షెడ్డు కదా.”

పుష్పవల్లి పైట సర్దుకుంది. “అయ్యో అంతోనమ్మగారూ, నేనేమనుకుంటానండీ! నేనూ అదే అనుకుని లోపల పెట్టాను. పైన బొట్టు కనపడితే మీరు నొచ్చుకుంటారేమోనని.”

“మీరేం పెట్టారండీ?” అన్నాడు శామ్సన్. సమాధానం అతని వేలి మీదే ఉంది.

“ప్రతి శుక్రవారం కాస్త పసుపూ కుంకుమా. రెండు అక్షింతలు. ఇంట్లో మిషన్ నడుస్తుంటే బోసిగా ఉంచుతామా బాబూ? పైగా ఈమధ్య మొరాయిస్తోందన్నావు కదా అని...”

“అని?”

“రోజూ పెడుతున్నాను.”

“నేనూ రోజూనే,” అంది అంతోనమ్మ, మెల్లగా.

శామ్సన్ నేల మీదే కూర్చుండిపోయాడు. మిషన్ మొరాయించిన కొద్దీ వీళ్ళు దీవించారు. దీవించిన కొద్దీ అది మొరాయించింది. ఎవరినీ తిట్టడానికి లేదు. ఒకావిడ కన్నతల్లి, ఒకావిడ షెడ్డు ఇచ్చిన మనిషి. ఇద్దరూ ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని చూశారు.

“కిరసనాయిలు ఉందాండీ?” అని అడిగాడు చివరికి.

“దేనికి బాబూ, అవేం మాటలు!” అంది పుష్పవల్లి కంగారుగా.

“కడ్డీ కడగడానికండీ.”

కడ్డీ కడిగి బిగించాక మిషన్ నీళ్ళలో పడవలా నడిచింది. కోయడానికి చెక్క లేదు.

సాయంత్రం బాలనర్సయ్య వ్యాన్ తీసుకుని వచ్చాడు. ఐదు అక్షరాల మీదా చెయ్యి రాసి, పాలిష్ చూసి, తల ఊపాడు. తర్వాత ఆరోదానికోసం చుట్టూ చూశాడు. శామ్సన్ ముక్కలు చూపించి జరిగింది చెప్పాడు. బాలనర్సయ్య నవ్వలేదు.

“ఇద్దరు దేవుళ్ళు కలిసి నా మీద పడ్డరన్నట్టు. ఇప్పుడేం చేద్దామంటవ్?”

“అతుకు పెడతాను. లోపల స్టీలు పట్టీ వేసి...”

“అతుకు స్టేజి మీద లైట్లల కొట్టొచ్చినట్టు కనబడ్తది. వ్యాన్‌ల థర్మకోల్ షీటు ఉంది. కొయ్యి. చారలు గియ్యి.”

“మొత్తం చెక్కే అన్నావు కదన్నా.”

“అన్న. ఇప్పుడు ‘డవలవాడ’ అని పెట్టాల్నా?”

శామ్సన్ థర్మకోల్ కోశాడు. దానికి వంతెన అక్కర్లేదు, వెనక పుల్ల గుచ్చితే తలకట్టు నిలబడింది. పుట్టీ రాశాడు, ఆరనిచ్చాడు, అడుగు రంగు వేశాడు, పక్కన ‘డ’ను నిలబెట్టుకుని దాని చారలు చూస్తూ గీశాడు. చెయ్యి తడబడితే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. అది తడబడలేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు. చివర్లో, ఎవరూ అడగకపోయినా, ఒక ముడి కూడా వేశాడు, కొమ్మ విరిగిన చోట టేకులో వచ్చే ముడి.

“నీ అవ్వ, ఏది ఏదో నాకే తెలుస్తలేదు,” అన్నాడు బాలనర్సయ్య.

ముహూర్తం బాగా జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, క్లాప్ కొట్టారు, ఫోటోలు దిగారు. నిర్మాత అచ్యుతరామయ్య వేదిక దిగబోతూ అక్షరాల దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని ‘ప’ మీదికి వంగాడు. “టేకంటే ఇదీ. ఈ ముడి చూడండి. ప్రాణమున్నట్టు లేదూ?” అని చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించాడు. బాలనర్సయ్య చేతులు కట్టుకుని నేల చూశాడు. శామ్సన్ వెనక వరసలో ఉన్నాడు. ఆ పొగడ్త అతని పనికే వచ్చింది. కానీ అతను మానెయ్యాలనుకున్న పనికి వచ్చింది.

ఆ వారమే డిపో నుంచి పలక వచ్చింది. మిషన్ ఒక్కసారిలో ‘ప’ కోసింది. వంతెన నిలిచింది. పుష్పవల్లీ అంతోనమ్మా షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి చూశారు, ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని. శామ్సన్ దానికి పాలిష్ పట్టి, దుప్పటిలో చుట్టి, స్కూటర్ మీద పెట్టుకుని జూబ్లీహిల్స్‌లోని నిర్మాత ఆఫీసుకు వెళ్ళాడు.

పేరు గోడకు బిగించి ఉంది. మేనేజరు క్రాంతికుమార్ దాని కింద సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు.

“మొదటి అక్షరం మార్చి వెళ్తానండీ. ఐదు నిమిషాలు,” అన్నాడు శామ్సన్.

“దానికేమైందండీ? శుభ్రంగా ఉందిగా. పైగా ముహూర్తం బోర్డు. రిలీజయ్యేదాకా స్క్రూ విప్పనివ్వరు. సార్‌కి సెంటిమెంటు.”

చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోవచ్చు. చెబితే బాలనర్సయ్య మాట పోతుంది. దారిపొడుగునా దీని గురించే ఆలోచించి, నాదీ తప్పు, నేనే చెప్పాలి అనుకుని వచ్చాడు.

“అది చెక్క కాదండీ. థర్మకోల్. పలక విరిగిపోయి, టైము లేక నేనే చేశాను. బాలనర్సయ్యగారి తప్పేం లేదు.”

క్రాంతికుమార్ లేచి సోఫా ఎక్కి ‘ప’ మీద గోటితో కొట్టాడు. ‘డ’ మీద కొట్టాడు. మళ్ళీ ‘ప’ మీద కొట్టాడు. నవ్వు మొదలైంది.

“మరైతే మిగతా ఐదూ చెక్కతో ఎందుకు చేశారండీ?”

శామ్సన్ తిట్లకు సిద్ధపడి వచ్చాడు. ఈ ప్రశ్నకు కాదు.

“ఉంటాయని,” అన్నాడు.

“సినిమా ఆడితే పేరు ఉంటుంది. ఆడకపోతే ఈ బోర్డు మొదట దించేది నేనే.” క్రాంతికుమార్ చెయ్యి చాచి దుప్పటి మూట అందుకున్నాడు. కొత్త ‘ప’ను గోడ మీద పాతదాని పక్కన పట్టుకున్నాడు. కొత్తది వేరే చెట్టుది. రంగు పాలిపోయి ఉంది, చారలు ఒత్తుగా లేవు, ముడి లేదు. “చూడండి మీరే. ఇందులో టేకు ఏది?”

“వెలుగు తగిలితే రంగు ముదురుతుందండీ. కొన్నాళ్ళు పడుతుంది.”

“కొన్నాళ్ళు ఎవరు చూస్తారు? దసరాకి ఇంకో సినిమా మొదలెడుతున్నాం. అదంతా మీరే చెయ్యండి, మొత్తం ఈ ‘ప’లాగా. ఇలా గీసేవాళ్ళు దొరకరు.”

“చెక్కయితే చేస్తానండీ.”

“చెక్క ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదండీ.”

క్రాంతికుమార్ అతని మొహం చూశాడు. వేళాకోళం కాదని అర్థమయ్యాక భుజాలు ఎగరేశాడు. “మీ ఇష్టం. గీసేవాళ్ళని వెతుక్కుంటాంలెండి.”

“ఇది ఇక్కడ ఉంచి వెళ్తానండీ. ఎప్పుడైనా అది రాలితే బిగించుకోవచ్చు. వెనక రంధ్రాలు సరిగ్గా ఆ కొలతకే వేశాను.”

“ఎక్కడ పెడతారు? సార్ కంటపడితే నా ప్రాణం తీస్తారు.” ఆఫీసంతా ఒకసారి చూసి, సోఫాను ముందుకు లాగాడు. “ఈ వెనక పెట్టండి.”

శామ్సన్ వంగి, గోడకూ సోఫాకూ మధ్య అక్షరాన్ని నిలబెట్టాడు. వంతెన మీద బరువు పడకుండా కింద దుప్పటి మడిచి వేశాడు. అతను చెయ్యి తీశాక క్రాంతికుమార్ మోకాలితో సోఫాను వెనక్కి నెట్టాడు.

“కొంచెం మెల్లగా అండీ,” అన్నాడు శామ్సన్.