చదివి వినిపించగా

మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి, అంచులు సరిచేసి, ఊరంతా టైపక్క అని పిలిచే ఆమె టైపు మిషన్‌లోకి ఎక్కించింది. కుడి చూపుడువేలు కణుపు దగ్గర వంకర తిరిగిపోయి ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో వాళ్ల ఒప్పందాలన్నీ కొట్టిన వేలు అది. ఇల్లు నడిచేదీ దాని మీదే.

ఆమెకు ఒక్కటే చాదస్తం. ప్రతి ఒప్పందం చివరా "చదివి వినిపించగా విని, సమ్మతించి వేలిముద్ర వేసితిని" అని ఉంటుంది. మిగతావాళ్లకది అలవాటుగా కొట్టే వాక్యం. వినిపించకుండా వినిపించామని కొడితే మాత్రం ఆమెకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది.

అందుకే ఆమె కొలువు చేసే ప్లీడరుగారు పొద్దున్నే ముందరికాళ్లకు బంధం వేశారు. "ఇవాళ కాంట్రాక్టరు పని. కొట్టు, ముద్ర వేయించు, అంతే. చదివి వినిపించావో, నీ దారి నువ్వు చూసుకో."

ఆ కాంట్రాక్టరు ఇప్పుడు బల్ల అంచున కూర్చుని కాలు ఊపుతున్నాడు. ఎదురుగా, తాడుకు వేలాడుతూ మేడలకు రంగులేసే మనిషి. గోళ్ల సందుల్లో నీలం. బొటనవేలికి అప్పుడే సిరా అద్దేసుకుని, ఎక్కడ అంటుతుందోనని ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నాడు.

ఏడో షరతు దగ్గర ఆమె వేలు నెమ్మదించింది. "తాడు తెగినా, పట్టు జారినా బాధ్యత పూర్తిగా నాదే."

"కానీయమ్మా, శుభలేఖేం కాదు అంత మురుస్తూ కొట్టడానికి," అన్నాడు కాంట్రాక్టరు.

కాగితాలు బల్ల మీదికొచ్చాయి. రంగులాయన వంగాడు. "ఎక్కడ వెయ్యాలక్కా?"

ప్లీడరుగారు కళ్లద్దాల మీదుగా చూశారు.

"ఆగు తమ్ముడూ. విని వెయ్యి."

ఏడు షరతులూ చదివింది. ఒక్క అక్షరం మింగలేదు.

"తాడెవరిదక్కా?"

"వీళ్లదే."

"వీళ్ల తాడు తెగితే తప్పు నాదెలా అవుతుంది? నేనేమన్నా పళ్లతో కొరుకుతానా?"

కాంట్రాక్టరు దిగ్గున లేచాడు. "వెయ్యకపోతే పో! నీలాంటివాళ్లు బోలెడుమంది."

"పిలిపించుకోండి బాబూ. వాళ్లకీ అక్క చదువుతుందిగా."

రేపు పొద్దున్నే మేడ పని మొదలవ్వాలి. కాంట్రాక్టరు పళ్లు నూరాడు. "సరే, తాడు మాదని రాసి తగలెయ్!"

ఆమె కొత్త కాగితాలెక్కించింది. "తాడు, దాని పటుత్వం కాంట్రాక్టరు బాధ్యత. సరిగా కట్టుకోవడం నా బాధ్యత." అదీ చదివింది.

"అదీ న్యాయం. నా ముడి నాది," అన్నాడు రంగులాయన. ఆరిపోయిన వేలికి మళ్లీ సిరా అద్దుకుని, గట్టిగా నొక్కాడు.

ఇద్దరూ వెళ్లాక ప్లీడరుగారు తలెత్తకుండానే అన్నారు. "రేపటి నుంచి రానక్కర్లేదు."

ఏ షరతు ప్రకారమని అడగబోయింది. అడగడానికి కాగితమేదీ? ఈ కొలువు గురించి ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క ముక్క కొట్టలేదు. ఆమె కూడా.

మిషన్‌కు ముసుగు కప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగింది.

కుర్చీ మీద పాత గుడ్డలు కుక్కి కుట్టుకున్న మెత్త ఉండిపోయింది, నడుమ గుంట పడి.