పిడుగు ఎలా ఉన్నాడు?

మా నాన్నది టైర్ల దుకాణం. ఇప్పుడు నేను నడుపుతున్నాను. షట్టర్ ఎత్తగానే రబ్బరు వాసన గుప్పుమంటుంది. గోడవారగా నీళ్ళ తొట్టి ఉంటుంది. పంక్చరైన ట్యూబును అందులో ముంచి, బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోవడం నేను అక్షరాలు దిద్దకముందే నేర్చుకున్నాను. తొట్టికి పైన పిడుగు ఫోటో ఉంటుంది. నీలం రంగు రేసు కారుకు ఆనుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు.

పిడుగు అతని అసలు పేరు కాదు. వాళ్ళమ్మ ముద్దుగా పిలిచే పేరు. ఒకసారి టీవీ వాళ్ళ ముందు ఆవిడ అలవాటుగా "మా పిడుగు" అనేశారు. మర్నాటికల్లా ఊరందరి నోటా అదే పేరయింది. మనిషి పొట్టి, బక్కపలచన. కారులో కూర్చుంటే హెల్మెట్ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఎండలో నలుగురిలో ఒకడు. వాన పడిందంటే మాత్రం అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. మలుపు దగ్గర అందరూ బ్రేకు తొక్కే చోట అతను ఇంకొంచెం ఆగి తొక్కేవాడు. ఆ ఇంకొంచెం కోసమే జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు.

మా నాన్న అయితే టీవీ ముందు కూర్చుని, బ్రేకు తన కాలి కిందే ఉన్నట్టు నేలను తొక్కేసేవాడు. "తొక్కరా! తొక్కు! వీడి తొందర తగలెయ్య!" అని అరిచేవాడు. గెలిస్తే ఎగిరి గంతేసేవాడు, ఆ వెంటనే మళ్ళీ తిట్లు. అమ్మ ఉన్న రోజుల్లో వంటింట్లోంచి అనేది, "ఆ పిల్లాడు మీకేమన్నా మేనల్లుడా? అంత చనువేంటండీ?" అని.

పిడుగు చనిపోయిన రోజున నాన్నా నేనూ అక్కడే ఉన్నాం. రేసు ట్రాకు మా ఊరికి దగ్గరే. చివరి మలుపు దగ్గర, కంచె పక్కన, తడిసి ముద్దయి నిలబడ్డాం. రేసు ముగింపుకొచ్చింది. పిడుగు ముందున్నాడు. నీలం కారు మలుపులోకి వచ్చింది. నాన్న కాలు నేలను తొక్కింది. కారు తిరగలేదు. నీళ్ళ మీద జారుకుంటూ నేరుగా గోడ వైపు వెళ్ళింది. అంత పెద్ద జనంలో ఎవరూ అరవలేదు. వాన చప్పుడొక్కటే వినిపించింది.

నాన్న చాలా రోజులు దుకాణం తెరవలేదు. సొంత అన్న పోయినప్పుడు కూడా అందరి ముందూ కన్నీళ్ళు ఆపుకున్న మనిషి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, మొహం కడుక్కుంటూ, ఉన్నట్టుండి భోరుమనేవాడు.

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఆ రోజున అభిమానులంతా ఆ మలుపు దగ్గర కలుస్తారు. ట్రాకులో ఇప్పుడు రేసులు లేవు. కార్లు నేర్పేవాళ్ళు వాడుకుంటున్నారు. ఆ ఒక్క రోజు పొద్దున మాత్రం మా కోసం గేటు తీస్తారు. దుకాణాల బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన ఉన్నాడు. పిడుగు కోసం నీలం జెండా తయారుచేసి ప్రతి రేసుకూ పట్టుకొచ్చేవాడు కాబట్టి అందరికీ ఆయన జెండా అన్న. కంచెకు ఆ జెండా కట్టి, పూలు పెట్టి, కాసేపు మౌనంగా నిలబడతాం. పిడుగు వాళ్ళ అమ్మ కూడా వస్తారు. మడత కుర్చీలో కూర్చుంటారు. ఒక్కొక్కరే వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని, "అంత మంచివాడు మళ్ళీ పుట్టడమ్మా" అంటారు. ఆవిడ తలూపుతారు.

నాన్నకు మతిమరుపు మెల్లగా మొదలైంది. ముందు పనిముట్ల పేర్లు పోయాయి. జాకీని చూపించి "అదీ, ఆ ఎత్తేది" అనేవాడు. తర్వాత అమ్మ పోయిన సంగతి పోయింది. ఒక రోజు కాఫీ తాగుతూ నన్నడిగాడు:

"ఈ ఆదివారం రేసు ఎక్కడే?"

"ఏ రేసు నాన్నా?"

"ఏ రేసేంటి! మన పిడుగు రేసు."

నాకు అబద్ధమాడాలని తోచలేదు. "నాన్నా, పిడుగు చనిపోయాడు కదా. మనం అక్కడే ఉన్నాం కదా" అన్నాను.

కప్పు చేతిలోంచి జారిపోయింది. ఆ మాట మొట్టమొదటిసారి విన్నట్టు ఏడ్చాడు. నిజానికి ఆయనకది మొదటిసారే. రెండు రోజులకు మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే ఏడుపు, అదే "ఎప్పుడు? ఎలా?" మూడోసారి నా వల్ల కాలేదు. "ఈ వారం రేసు లేదు నాన్నా" అనేశాను. "అలాగా. రెస్టు తీసుకోనీలే, పాపం" అన్నాడు హాయిగా.

ఆ ఏడాది మలుపు దగ్గరికి నాన్నను తీసుకెళ్ళకూడదనుకున్నాను. కానీ పొద్దున్నే నేను పూలు సర్దుతుంటే చూశాడు. ఎక్కడ దొరికిందో, తన పాత నీలం టోపీ పెట్టుకుని వచ్చి కారులో ముందు సీట్లో కూర్చున్నాడు. "పద, ఆలస్యమైతే కంచె పక్కన చోటు దొరకదు" అన్నాడు. దింపడానికి నాకు మనసు రాలేదు.

అక్కడికి చేరేసరికి అందరూ నిలబడి ఉన్నారు. నాన్న జెండాను చూసి మురిసిపోయాడు. "ఏం జెండా అన్నా, ఈసారి పూలు ముందే తెచ్చేశారే! గెలుస్తాడని అంత నమ్మకమా?" అన్నాడు.

జెండా అన్న నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

నేను అందరికీ గుసగుసగా సంగతి చెబుతున్న ఆ కాసేపట్లోనే నాన్న నా పక్క నుంచి వెళ్ళిపోయాడు. తలెత్తి చూసేసరికి మడత కుర్చీ ముందు నిలబడి ఉన్నాడు.

"నమస్కారమమ్మా. మీరు పిడుగు వాళ్ళ అమ్మగారు కదూ? టీవీలో చూశాను. మీ వాడు ఎలా ఉన్నాడండీ?"

అక్కడున్న వాళ్ళంతా బిగుసుకుపోయారు. నేను పరుగెత్తాను. "అమ్మా, క్షమించండి, మా నాన్నకు జ్ఞాపకం..." అంటుండగానే ఆవిడ చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. నాన్న మొహంలోకి చాలాసేపు చూశారు. ఆ మొహంలో జాలి లేదు. కబుర్ల కోసం ఆగిన మనిషి కుతూహలం ఉంది, అంతే.

"బాగానే ఉన్నాడండీ" అన్నారు ఆవిడ.

"మీరొక మాట చెప్పాలమ్మా వాడికి. వానలో ఆ వెనక టైర్లను అంతగా నమ్మొద్దని చెప్పండి. నేను టైర్ల మనిషిని, నాకు తెలుసు. బ్రేకు కాస్త ముందే తొక్కమనండి. ఏం పోతుంది? ఒక రేసు పోతుంది. మీ మాటైతే వింటాడు."

"నా మాటా!" ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "వాడు నా మాట ఎప్పుడు విన్నాడు గనకండీ! చిన్నప్పటి నుంచీ అంతే. మొండి వెధవ."

"మొండేనండీ! మా ఇంట్లో కూడా నేను అదే అంటాను!"

వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేమంతా దూరంగా జరిగి, పూలు చేత్తో పట్టుకుని నిలబడ్డాం. వెళ్ళేముందు ఆవిడ నా ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశారు. "నాన్నగారికి ఇవ్వమ్మా" అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారమూ చేసేవారు. నాన్న దుకాణంలో బెంచీ మీద కూర్చుని, ఫోన్ చెవికి గట్టిగా అదిమిపెట్టుకుని వినేవాడు. స్పీకర్ పెట్టకపోయినా ఆవిడ గొంతు నాకు వినిపించేది. పిడుగు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదనీ, తడి బట్టలతోనే సోఫా ఎక్కాడనీ, కొత్త బూట్లు వారానికే అరగదీశాడనీ చెప్పేవారు. "కాళ్ళు విరగ్గొట్టండమ్మా!" అని నాన్న తీర్పు చెప్పేవాడు. మొదట్లో ఆవిడ కల్పించి చెబుతున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, ఒక్కటీ కల్పన కాదు. అన్నీ ఎప్పుడో జరిగినవే. "చేసేవాడు" అనాల్సిన చోట "చేస్తున్నాడు" అంటున్నారు, అంతే.

ఇది జెండా అన్నకు నచ్చలేదు. ఒక రోజు దుకాణానికి వచ్చి నాతో పోట్లాడినంత పని చేశాడు. "ఆ తల్లి గాయం మానకుండా మనమే కెలుకుతున్నామమ్మా. ఇది పాపం" అన్నాడు. నాకూ లోపల ఆ భయం ఉంది. అందుకే ఒకసారి నాన్న నిద్రపోతున్నప్పుడు ఆవిడకు నేనే ఫోన్ చేసి అడిగాను, ఇది మీకు కష్టంగా లేదా అని.

ఆవిడ అన్నారు:

"వాడు పోయాక అందరూ వాణ్ణి పొగడ్డమేనమ్మా. పొగిడి పొగిడి వాణ్ణి నాకు కాకుండా చేశారు. నా కొడుక్కి కోపముండేది, బద్ధకముండేది, నాతో అబద్ధాలాడేవాడు. అవన్నీ ఎవరితో చెప్పుకోను? చెబితే, చచ్చిపోయిన కొడుకును ఆడిపోసుకుంటోంది అనుకుంటారు. మీ నాన్నగారొక్కరే వాణ్ణి తిడతారు. తిట్లు తినాలంటే మనిషి బతికుండాలి కదమ్మా."

ఆ మాటలు జెండా అన్నకు చెప్పాను. తర్వాతి ఆదివారం ఆయనే వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. నాన్న ఫోన్లో మాట్లాడటం చివరిదాకా విన్నాడు. ఫోన్ పెట్టేశాక, "ఏమంటారు, ఈసారి గెలుస్తాడా?" అని నాన్నను అడిగాడు. "గెలవక ఏం చేస్తాడు!" అన్నాడు నాన్న. జెండా అన్న గబుక్కున లేచి, నీళ్ళ తొట్టి దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.

చలికాలం వచ్చేసరికి నాన్న నన్ను "అక్కా" అని పిలవడం మొదలుపెట్టాడు. ఫోన్లో కూడా మాటలు తగ్గాయి. ఆవిడ చెబుతుంటే ఊఁ కొట్టేవాడు. ఒక ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే మొదలుపెట్టారు.

"మా పిడుగు ఏం చేశాడో తెలుసాండీ?"

"పిడుగా?" నాన్న కంగారుగా బయటికి చూశాడు. "పిడుగు పడిందా? ఎక్కడ?"

ఆవిడ మళ్ళీ చెప్పి చూశారు.

"అదేనండీ, మా అబ్బాయి. రేసు కార్లు..."

"మీకు అబ్బాయి ఉన్నాడా?" మర్యాదగా అడిగాడు నాన్న, దారిన పోయే పెద్దమనిషిని అడిగినట్టు.

నేను ఫోన్ లాక్కున్నాను. "అమ్మా, ఈ రోజు నాన్నకు బాగాలేదు. తర్వాత చేస్తాం" అన్నాను. అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. ఒక తల్లి తన కొడుకును రెండోసారి పోగొట్టుకోవడం ఆ ఊపిరిలో విన్నాను.

"వద్దమ్మా. ఫోన్ ఆయనకే ఇవ్వు" అన్నారు చివరికి.

ఇచ్చాను. ఈసారి స్పీకర్ పెట్టాను.

"నాకొక కొడుకు ఉండేవాడండీ" అన్నారు ఆవిడ.

నాన్న ఫోన్ను రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఉండేవాడా?"

"ఉండేవాడు. కారు బాగా నడిపేవాడు. అందరికీ వాడంటే ప్రాణం. ఒక రోజు వానలో పోయాడు."

"అయ్యో. పెద్దవాడా?"

"లేదండీ. చిన్నవాడే."

"అయ్యో తల్లీ." నాన్న కళ్ళు నిండిపోయాయి. మనసు నుంచి ఎన్ని పేర్లు జారిపోయినా, ఇంకొకరి బాధకు చలించే గుణం మాత్రం జారలేదు. "నొప్పి తెలిసిందా పిల్లాడికి?"

ఆ మాట అన్నేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు.

"తెలియలేదన్నారండీ డాక్టర్లు. నిజం చెప్పారో, నా కోసం అలా అన్నారో నాకు తెలియదు. రోజూ అదే ఆలోచిస్తాను."

అప్పుడు ఆవిడ ఏడ్చారు. మలుపు దగ్గర, అందరి మధ్యా, ఎప్పుడూ అలా ఏడవని మనిషి గుండెలు పగిలేలా ఏడ్చారు. ఫోన్ ముందు కూర్చుని నాన్న కూడా ఏడ్చాడు, తనకు తెలియని ఎవరో పిల్లాడి కోసం.

"నాకు తెలియదు తల్లీ" అన్నాడు. "తెలిస్తే వచ్చేవాణ్ణి."

"మీరు వచ్చారండీ" అన్నారు ఆవిడ. "ఆ రోజు మీరక్కడే ఉన్నారు. మీ అమ్మాయి చెప్పింది. మీరు వాడి పక్కనే ఉన్నారు."

"ఉన్నానా?" నాన్న నా వైపు చూశాడు. నేను తలూపాను. "అయితే సరే" అన్నాడు, కాస్త ఊరటపడినట్టు.

ఆ తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఇక రాదనే అనుకున్నాను. మధ్యాహ్నం దుకాణం ముందు బస్సు ఆగింది. ఆవిడ చిన్న సంచితో దిగారు. గోడ మీద ఫోటోను ఒకసారి చూసి, వచ్చి బెంచీ మీద నాన్న పక్కన కూర్చున్నారు.

"టైరు మార్చాలా అమ్మా?" అన్నాడు నాన్న.

"లేదండీ. ఊరికే కాసేపు కూర్చుందామని."

"కూర్చోండి, కూర్చోండి" అని ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

నాన్న పోయేదాకా ఆవిడ అలా వస్తూనే ఉన్నారు. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. నేను ట్యూబులకు ప్యాచీలు వేస్తూ ఉంటే, వాళ్ళిద్దరూ రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళు.