వేడి అన్నం

పెళ్లిళ్లలో డోలు వాయించడానికి పరంధామయ్య చిత్తూరు నుంచి తిరుపతికి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు. అయినా కల్యాణ మండపాలు తప్ప ఊళ్లో ఏమీ చూడలేదు. అందుకే కూతురు జయంతి సెలవు పెట్టి మరీ ఊరంతా తిప్పింది. మ్యూజియంలో అద్దం వెనక ఒక డోలు ఉంది. ఆయన వేళ్లు అద్దం మీద ఆడబోయాయి. కాపలా మనిషి "ముట్టుకోవద్దు" అన్నాడు. వయసంతా డోలు కొట్టి బతికినవాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మధ్యాహ్నం పెద్ద హోటల్లో భోజనానికి కూర్చున్నారు. ఒక మూల ఇద్దరు నాదస్వరం, డోలు వాయిస్తున్నారు. ఆకులో అన్నం పొగలు కక్కుతున్నా పరంధామయ్య చెయ్యి పెట్టలేదు.

"తిను నాయనా, సల్లారిపోతాది."

"మేళం వాళ్లు తిన్నారా?"

"అందరూ తిన్నాక తింటార్లే."

"నాకు తెలీదామ్మా? నా వయసంతా ఆ సల్లకూడే గదా తినింది."

లేచి డోలు వాయిస్తున్నతని దగ్గరకు వెళ్లాడు.

"పోయి నా ఆకు ముందర కూసోప్పా. అన్నం వేడిగా ఉండాది. నువ్వు తినేదాకా నేను వాయిస్తా."

అతను మొహమాటపడుతూనే వచ్చి కూర్చున్నాడు. వెనక డోలు ఉరిమింది. జయంతి అతని అన్నం మీద నెయ్యి వేసింది.

"నిదానంగా తినన్నా," అంది. "మా నాయన ఇప్పట్లో ఆపడు."