ఏడుకి అడ్డగీత

పత్రికాఫీసులో ఆయన్ని అందరూ ‘అడ్డగీత’ అంటారు. ఏడు అంకె ఎక్కడ రాసినా దాని నడుముకి అడ్డంగా ఓ గీత కొడతాడు. పక్కవాళ్లు రాసినదాన్ని కూడా వదలడు. “ఏం గురువుగారూ, ఏడుకి బెల్టు పెట్టారా?” అని తోటి విలేకరులు ఆటపట్టిస్తే నవ్వేసి ఊరుకుంటాడు. ఆ గీత వెనక కథేమిటో ముప్ఫయ్యేళ్లుగా ఒక్కరికీ చెప్పి చావలేదు మహానుభావుడు.

విలేకరి కాకముందు ఆయన సిపాయి. చేతిరాత బాగుందని యుద్ధంలో చనిపోయినవాళ్ల జాబితా రాసే పని అప్పగించారు. బాగుందట! ఫిరంగుల మోతలో చెయ్యి వణికి, చనిపోయిన ఒక సిపాయి నంబరు చివర రాసిన ఒకటి కాస్తా ఏడులా పడింది. ఏడుతో ముగిసే ఆ నంబరు తమ దళం సార్జెంటుది. సార్జెంటేమో కాలికి కట్టుతో ఆసుపత్రిలో నిక్షేపంగా ఉన్నాడు. ఇంటికి మాత్రం పోయాడని టెలిగ్రాం వెళ్లింది. తప్పు దిద్దుతూ రెండో టెలిగ్రాం పంపేసరికి ఆరు రోజులు. ఒకటీ ఏడూ మళ్లీ కలిసిపోకూడదనే అప్పట్నుంచీ ఏడుకి ఆ అడ్డగీత. ఆ తప్పెవరిదో ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు.

చెప్పకపోగా, యుద్ధం అయ్యాక ఆ ఇంటికే రాకపోకలు. సార్జెంటు అన్నయ్యాడు, ఆయన భార్య వదినైంది. ఈయనకి నా అన్నవాళ్లు వాళ్లే. వదిన కొసరి కొసరి వడ్డించినప్పుడల్లా ఆమె మొహం చూడకుండా తల వంచుకుని తినేవాడు.

ఇన్నాళ్లకి సంపాదకుడు యుద్ధ జ్ఞాపకాలు రాయమన్నాడు. రాయడం మొదలెడితే కలం తిన్నగా ఆ తప్పు దగ్గరికే పోయింది. వాళ్లు పేపర్లో చూసి తెలుసుకునేకన్నా ముందే తెలియడం మేలనుకుని, అచ్చుకి ముందు దిద్దే ప్రూఫు కాగితం జేబులో పెట్టుకుని మధ్యాహ్నం సార్జెంటు ఇంటి తలుపు తట్టాడు. ఆ తలుపు ఇక తనకి తెరుచుకోదేమోనని భయం.

వదిన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

“ఏంటే, ఏం రాశాడు?” కుర్చీలోంచి అడిగాడు సార్జెంటు.

“అప్పుడు మిమ్మల్ని చంపింది ఈయనేనట.”

“వీడా! తుపాకీతో ఒక్కణ్ణీ కొట్టలేకపోయాడు, కలంతో నన్నే వేసేశాడా?” అంటూ సార్జెంటు పగలబడి నవ్వాడు. వదిన నవ్వలేదు.

“వదినా, వద్దంటే చింపేస్తాను. ఈ ఇంటికి రావద్దన్నా...”

“ఉండవయ్యా. ఆ టెలిగ్రాం రాకపోతే మా అత్తగారు నా గడప తొక్కేదా? పెళ్లయిన నాటి నుంచీ నా మొహం చూడని మనిషి, ఆ రోజు పరుగున వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. కొడుకు బతికే ఉన్నాడని తెలిశాక కూడా వెళ్లలేదు. కన్నుమూసేదాకా నా దగ్గరే ఉంది.”

అమ్మయ్య! ముప్ఫయ్యేళ్ల తర్వాత ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“కానీ ఇందులో ఓ తప్పుంది” అంది వదిన.

“ఆరు రోజులని రాశావు. ఆరో రోజున మీరు పంపారేమో. మా ఇంటికొచ్చింది ఎనిమిదో రోజున. ఆ రెండు రోజులు కూడా నేను ఏడ్చాను. అవీ రాయి.”

నీళ్లు నిండిన కళ్లతో ఆయన కలం తీశాడు. ఆరు కొట్టేసి, పక్కన అంకె వేయబోతుంటే వదిన చెయ్యి పట్టుకుంది.

“నీ అంకెలొద్దు నాయనా. అక్షరాల్లో రాయి.”