శంకరయ్య చెబితే విన్నాడు

రోజారాణికి మొగుడి మీద కోపం కొత్తేం కాదు. తాగినన్నాళ్ళూ ఉంది. విడ్డూరమేమిటంటే, అతను తాగుడు మానేశాక అది ఇంకా ఎక్కువైంది.

తాగుడు మాన్పించిన ఆ మీటింగును వెతికి పట్టుకున్నది ఆమే. మేడ్చల్ బస్సు డిపో దగ్గర గోడ మీద "తాగుడు మానాలనుందా? రండి, ఫీజు లేదు" అని అతికించిన కాగితం చూసి, ఫోన్ చేసి కనుక్కుని, దూలపల్లిలో అతని వెల్డింగ్ షాపు మూయించి మరీ పర్వతాలును లాక్కెళ్ళింది. మేడ మీద ఒక ట్యూషన్ గది. తాగుడు మానేసినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున అక్కడ కూర్చుని ఒకరి గోడు ఒకరు వింటారు. ఇంటివాళ్ళను లోపలికి రానివ్వరు. రోజారాణి మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చుంది. లోపల చప్పట్లు వినిపించాయి. తర్వాత నవ్వులు. అందులో పర్వతాలు నవ్వు కూడా ఉంది. పెళ్ళైన కొత్తలో విన్న నవ్వు అది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మరి మండదా? ఇన్నేళ్ళూ ఏడ్చింది, తిట్టింది, ఒట్లు వేయించుకుంది, కూతురు భవిత చేత కాళ్ళు పట్టించింది. అంతా చెవిటివాడి ముందు శంఖమే అయింది. అక్కడ శంకరయ్య అని ఒక రిటైరైన బస్సు మెకానిక్, "ఇయ్యాల్టికి ముట్టకు తమ్మీ, రేపటిది రేపు సూద్దాం" అన్నాడట. అంతే, మానేశాడు! ఈమె ఆ మాట వెయ్యిసార్లు అనలేదూ? పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా.

ఇక లేస్తే శంకరన్న, కూర్చుంటే శంకరన్న. మనసు మందు మీదికి గుంజినప్పుడల్లా ఫోన్ పట్టుకుని గేటు బయటికి పోవడం, గుసగుసలు.

"గంతగనం ఏం ముచ్చట చెప్తవ్ ఆయనకు?" అని ఒకసారి అడిగేసింది.

"మా ముచ్చట మా నడుమనే ఉండాలె రాణీ. ఆడ గదే కట్టుబాటు."

"కట్టుకున్నదానికి చెప్పనిది దారిన పోయేటోనికి చెప్తవా?"

పర్వతాలు ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. తాగి తిట్టినప్పుడైనా తనతోనే మాట్లాడేవాడు కదా అనిపించింది ఆమెకు. ఛీ, ఇదేం పాడు బుద్ధి అని చెంపలు వేసుకుంది. బుద్ధి మాత్రం పోలేదు.

అంతలో శామీర్‌పేటలో ఆమె అన్న నగేష్ మైసమ్మ పండుగ పెట్టాడు. పొలమంతా ప్లాట్లు చేసి అమ్ముకున్నా, బోరు పక్కనున్న మైసమ్మ రాయి జోలికి మాత్రం పోలేదు. పండుగ ఆదివారమే.

"నేను మీటింగుకు పోత. నువ్వు, బిడ్డ పోయి రాండ్రి. ఆడ కల్లుంటది" అన్నాడు పర్వతాలు.

"కల్లు మందెట్లయితది? అమ్మోరికి పోసేది. అల్లుడు రాకుంటే మావోళ్ళ ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె? నీకు శంకరన్న గావాల్నా, నేను గావాల్నా?"

వచ్చాడు. గెలిచానని ఆమె మురిసిపోయింది. బండి దిగగానే "ఫోన్ పడిపోతది, ఇటియ్యి" అని తీసుకుని తన సంచిలో వేసుకుంది. ఈ ఒక్క పూటైనా మొగుడు తనవాడై ఉండాలి, అంతే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. రాయి ముందు కల్లు ధారగా సాక పోశాక, ముంతలో మిగిలింది ఇంటల్లుడు తాగాలి. నగేష్ ముంత తెచ్చి పర్వతాలు చేతిలో పెట్టాడు.

"వద్దు బావా. మానేసిన."

"మానేసింది మందు. ఇది కల్లు గదా!" అని నగేష్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

"అమ్మోరి ప్రసాదం కాదంటే ఇంటికి మంచిది గాదు బిడ్డా" అంది మేనత్త బుచ్చవ్వ. "నువ్వన్న చెప్పవే రాణీ!"

రోజారాణి చేతిలోని సంచిని దగ్గరికి లాక్కుంది. కల్లు మందు కాదన్నది తనే కదా!

పర్వతాలు ఎడమచేత్తో అంగీ జేబు తడుముకున్నాడు, తర్వాత ప్యాంటు జేబు. ఫోన్ లేదు. ముంత ఒరిగి కల్లు వేళ్ళ మీదికి కారుతోంది. అతను ఆ వేళ్ళనే చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు తెలియనిదా? ఈ కల్లు లోపలికి పోతే వెనకే సీసా వస్తుంది, షాపు మూతపడుతుంది, భవిత మళ్ళీ పక్కింట్లో దాక్కుంటుంది. కుళ్ళుబోతుతనంతో నా సంసారాన్ని నేనే తెచ్చి గోతి ఒడ్డున నిలబెట్టాను కదా అనుకుంది.

సంచిలోంచి ఫోన్ తీసి తనే కలిపింది.

"శంకరన్నా, నేను భవిత వాళ్ళమ్మను. ఈయన చేతిల కల్లుంది. జర మాట్లాడు, జల్దీ!"

ఫోన్ మొగుడి చేతికిచ్చి ముంత లాక్కుంది. ఉన్నదంతా రాయి ముందు కుమ్మరించింది.

"తల్లీ, అల్లుని వంతు గూడ నువ్వే తాగు."

నగేష్ నోరు తెరిచాడు. బుచ్చవ్వ లెంపలు వేసుకుంది. పర్వతాలు బోరు వెనక్కి పోయి కూలబడ్డాడు.

"భయమైతాంది అన్నా" అంటున్నాడు ఏడుస్తూ. "ఒక్కసారి తాగితే ఇగ ఆగుతనా అని మస్తు భయమైతాంది."

ఇన్నేళ్ళ కాపురంలో అతనికి భయమనేది ఉందని ఆమెకు తెలియదు. పోయి వీపు మీద చెయ్యి వేయాలనిపించింది. వేస్తే అతని మాట ఆగిపోతుందనీ తెలుసు.

"బావకేమైందే?" అని నగేష్ అటు నడవబోయాడు.

రోజారాణి అడ్డంగా నిలబడింది. "దోస్తుతోని మాట్లాడుతుండు. ఎవ్వరూ పోవొద్దు."

కడుపులో మంట అలాగే ఉంది. మొగుడు ఏడుస్తున్నది తన ముందు కాదు. అయినా అతను మాట్లాడడం అయ్యేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు, ఎవరినీ అటు పోనివ్వలేదు.