క్లచ్ వదలడం, వదిలెయ్యడం

మా తోడికోడలికీ నాకూ మాటల్లేక ఆరేళ్ళు. లోకంలో ఇంకెవరూ దొరకనట్టు, ఆమె దగ్గరే నేను కారు నేర్చుకోవలసి వచ్చింది.

ఒకే ఇంట్లో కింద మేము, పైన వాళ్ళు. మెట్ల మీద ఎదురైతే ఆమె గోడవైపు చూస్తుంది, నేను కిటికీవైపు చూస్తాను. చెప్పుకోవలసిందేదైనా ఉంటే మా అత్తగారి ద్వారానే. "మీ పెద్ద కోడలికి చెప్పండి, మోటారు వేసి మర్చిపోయిందని." "మీ చిన్న కోడలికి చెప్పండి, నాకూ చెవులున్నాయని." ఆవిడ మా ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తూ ఉండేది.

ఆవిడ కిడ్నీలు చెడిపోయి రెండేళ్ళయింది. వారానికి మూడుసార్లు పొద్దున్నే ఐదున్నరకి డయాలిసిస్. ఆ వేళకి మా కాలనీకి ఏ క్యాబూ రాదు. వస్తానని మాటిచ్చినవాడు సరిగ్గా బయల్దేరే సమయానికి ఫోను ఆపేస్తాడు. ఒకసారి అలా తప్పిపోతే సాయంత్రానికల్లా ఆవిడ కాళ్ళు వాచి, ఊపిరాడక మూడు రోజులు ఐసీయూలో ఉంది. నా భర్తకి ఒక కన్ను కనపడదు, లైసెన్సు ఇవ్వరు. మరిదికి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. అందుకని అప్పటినుంచీ ఆవిడని తీసుకెళ్ళింది చిన్నదే. మా ఇంట్లో నా తోడికోడలిని అందరూ అలాగే పిలుస్తారు.

చిన్నది స్కూలు యూనిఫారాలు కుట్టే చోట బట్ట కత్తిరిస్తుంది. పదిహేనేళ్ళు పెద్ద కత్తెర ఆడించి ఆడించి మణికట్టులో నరం నొక్కుకుపోయింది. చేతిలోంచి గ్లాసులు జారిపోయేవి. ఆపరేషన్ చేయించుకోకపోతే ఆ వేళ్ళు ఇక సరిగ్గా ముడుచుకోవని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చేయించుకుంటే రెండు నెలలు స్టీరింగ్ ముట్టకూడదు. ఆపరేషన్‌కి పద్దెనిమిది రోజులుంది. ఈలోపు నాకు బండి వస్తేనే ఆమెకి ఆపరేషన్. లేకపోతే అత్తగారికైనా ముప్పు, ఆమె చేతికైనా ముప్పు.

నాకు లైసెన్సు లేదని కాదు. పదేళ్ళ కిందటే తీసుకున్నాను. డ్రైవింగ్ స్కూలు మాస్టారి కాళ్ళ కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. నడిపిందంతా ఆయనే, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది నేను. ఆ కార్డు ఎక్కడైనా గుర్తింపు చూపించడానికి తప్ప మళ్ళీ బయటికి రాలేదు.

ఇక ఆరేళ్ళ కోపం సంగతి. మా నాన్న పోయినప్పుడు చిన్నది రాలేదు. ఆమెని 'రెండో కూతురా' అని పిలిచేవాడాయన. వచ్చినప్పుడల్లా నాకొక చీర తెస్తే ఆమెకొకటి తెచ్చేవాడు. నేను పుట్టింట్లో ఏడుస్తూ కూర్చుని ఇంటికి ఫోన్ చేసి, "చిన్నది బయల్దేరిందా?" అని అడిగాను. "రాను అంటోందమ్మా," అన్నారు అత్తగారు. అంతే. వెనక్కి వచ్చాక నేను ఆమె మొహం చూడలేదు. ఆమె కూడా నా మొహం చూడలేదు. చేసిందంతా చేసి పైగా పొగరొకటి అనుకున్నాను.

ఊరి చివర మూతబడిన గోదాము ముందు పెద్ద సిమెంటు ఆవరణ ఉంది. డయాలిసిస్ లేని రోజుల్లో సాయంత్రం ఐదింటికి ముగ్గురం అక్కడికి వెళ్ళేవాళ్ళం. నేను స్టీరింగ్ ముందు, చిన్నది పక్కన, అత్తగారు వెనక. ఆవిడకి అక్కడేం పని అంటారేమో. ఆవిడ లేకపోతే మా మధ్య మాట నడవదు కదా.

మొదటి రోజు చిన్నది ఎదురుగా గోదాము తలుపుని చూస్తూ, "క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వెయ్యమనండి," అంది.

"క్లచ్ తొక్కి ఫస్టు వెయ్యమ్మా," అన్నారు అత్తగారు వెనకనుంచి.

వేశాను.

"ఇప్పుడు క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. చప్పుడు బరువెక్కిన చోట కాలు అక్కడే ఆపాలి. అప్పుడు యాక్సిలేటరు ఇవ్వాలి."

"క్లచ్ వదిలెయ్యమంటోందమ్మా. వదిలేసి యాక్సిలేటరు తొక్కు."

చిన్నది చెప్పింది నా చెవిన పడింది. చెవికి మూరెడు దూరంలో కూర్చుని చెబితే పడకేం చేస్తుంది? కానీ ఆమె మాట నేను విన్నట్టు ఉండకూడదు. అత్తగారు చెప్పినట్టే వదిలేశాను. బండి ఒక్క గెంతు గెంతి చచ్చి ఊరుకుంది. అత్తగారి తల నా సీటుకి కొట్టుకుంది.

"మీ పెద్ద కోడలికి చెప్పండి, అది గేరు, గరిటె కాదు. అలా తిప్పక్కర్లేదు."

"మీ చిన్న కోడలికి చెప్పండి, నేర్పడం చేతకానివాళ్ళే వెక్కిరిస్తారని."

"ఇద్దరూ ఇద్దరే," అన్నారు అత్తగారు నుదురు రుద్దుకుంటూ.

ఆ సాయంత్రం పదకొండుసార్లు బండి ఆగిపోయింది. మర్నాడు తొమ్మిదిసార్లు. "వదలాలి" అని ముందు సీట్లోంచి, "వదిలెయ్" అని వెనక సీట్లోంచి.

నేను కోర్టులో టైపిస్టుని. సాక్షి అన్న మాట అన్నట్టు కొట్టడమే నా ఉద్యోగం. 'చూశాను' అంటే 'చూశాను', 'చూశాననుకుంటా' అంటే 'చూశాననుకుంటా'. ఒక్క అక్షరం తేడా వస్తే ఒకడు జైలుకి పోతాడు, ఇంకొకడు ఇంటికి పోతాడు. 'పక్కింటాయన చెప్పగా విన్నాను' అని సాక్షి అనగానే వకీలు లేచి నిలబడతాడు, విన్న మాట సాక్ష్యం కాదని. ఆ వాక్యం నేను వెయ్యిసార్లు కొట్టి ఉంటాను. అలాంటి నాకు వదలడానికీ వదిలెయ్యడానికీ తేడా తెలియక కాదు. పెద్దావిడ, నీరసం, మాట తప్పుగా పడుతోందిలే అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, చిన్నది నేర్పలేకపోతోందని రుజువు కావడం నాకు సంతోషంగానే ఉంది.

పదో రోజున గోదాము గోడని గుద్దాను. బ్రేకు అనుకుని యాక్సిలేటరు తొక్కితే బండి దూసుకుపోయింది. చిన్నది ఆ పాడైన చేత్తోనే హ్యాండ్‌బ్రేకు లాగి, కెవ్వుమని అరిచింది. ముందు లైటు పగిలి కింద రాలింది. ఆమె మణికట్టుని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వంగి కూర్చుంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. 'దెబ్బ తగిలిందా' అని నేను అడగలేదు.

"మీ పెద్ద కోడలికి చెప్పండి," అంది చివరికి, "ఈ చెయ్యి నాకు ఇంకా కావాలి."

అత్తగారు ఆ మాట నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే నాకు గుచ్చుకుంది.

ఆ మర్నాటినుంచి ఆఫీసుకి వెళ్ళేముందు ఒక గంట ఇంటిముందే కార్లో ఒంటరిగా కూర్చుని కాలు కింద క్లచ్‌ని పైకీ కిందికీ ఆడించేదాన్ని. ఎవరూ చెప్పేవాళ్ళు లేకపోతే అది కొంచెం నా మాట వినేది. పదిహేనో రోజుకి చదును రోడ్డు మీద మూడో గేరు దాకా వచ్చాను. ఎత్తు మాత్రం రాలేదు. ఆసుపత్రికి పోయే దారిలో రైలు వంతెన ఉంది, నిటారుగా ఉంటుంది. దాని మీద సాధన చేసిన రెండుసార్లూ బండి వెనక్కి జారి, చిన్నదే దిగి వచ్చి నా చోట కూర్చుని ఎక్కించింది.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఆమె మెట్ల మీదనుంచే అంది. "అత్తయ్యా, వంతెన మీద ఆగకుండా పొమ్మనండి. ఆగితే ఏం చెయ్యాలో పద్నాలుగుసార్లు చెప్పాను. వినేవాళ్ళకి చెప్పొచ్చు."

"మీ చిన్న కోడలిని తన పని చూసుకోమనండి," అన్నాను నేను గదిలోంచి.

మర్నాడు మొదటి ఆపరేషన్ ఆమెదే కాబట్టి, మరిది సెలవు పెట్టి చీకటుండగానే ఆమెని ఊరికి అటువైపున్న వేరే ఆసుపత్రికి స్కూటరు మీద తీసుకెళ్ళాడు. వాళ్ళు పోయిన పావుగంటకి నేను అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి బండి తీశాను. రోడ్లు ఖాళీ. రెండు మలుపులు బాగానే తిప్పాను. వంతెన సగం ఎక్కామో లేదో ముందు బస్సు ఆగింది. నేనూ ఆగాను. బస్సు కదిలింది. నేను క్లచ్ వదిలేశాను. బండి గెంతి ఆగిపోయింది.

మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ ఆగిపోయింది. ఈసారి ఒక బారెడు వెనక్కి జారింది. వెనక లారీవాడు హారన్ మీదనుంచి చెయ్యి తియ్యడం లేదు. అద్దంలో నాకు లారీ ముందుభాగం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. టైము ఐదూ పది. ఇక్కడే ఉండిపోతే ఆవిడ గతి ఏమిటి, అక్కడ ఆపరేషన్ బల్ల ఎక్కబోతున్న చిన్నదానికి ఏమని కబురు పంపను?

అప్పుడు వెనకనుంచి అత్తగారి గొంతు వచ్చింది. నీరసం లేదు, తడబాటు లేదు.

"హ్యాండ్‌బ్రేకు లాగు. లాగావా? ఇప్పుడు క్లచ్ తొక్కి స్టార్ట్ చెయ్. ఫస్ట్ వెయ్. కొద్దికొద్దిగా వదులు. వదిలెయ్యకు, వదులు. చప్పుడు బరువెక్కిందా? కాలు అక్కడే ఆపు. యాక్సిలేటరు ఇవ్వు. ఇంకొంచెం. ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు దించు."

చెప్పింది చెప్పినట్టు చేశాను. బండి ఒక్కసారి వణికి, ముందుకి పాకి, వంతెన ఎక్కేసింది.

అవతల దిగగానే రోడ్డు వారకి తీసి ఆపాను. ఇంజను ఆడుతూనే ఉంది. బండి ఎక్కినందుకు సంతోషపడవలసిన నేను నిలువునా మండిపోతున్నాను. పద్దెనిమిది రోజులుగా చిన్నది అన్న ప్రతి మాటా ఆవిడకి పొల్లు పోకుండా వచ్చు. నాకు చెప్పేటప్పుడు మాత్రమే మారిపోయేది. ఆవిడ ప్రాణం మీదికి వచ్చేసరికి మాట సరిగ్గా వచ్చింది.

వెనక్కి తిరిగాను. "మా నాన్న పోయినప్పుడు చిన్నది మీతో ఏమంది?"

"టైమవుతోంది, పోనివ్వమ్మా."

"ఏమంది?"

ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "రానా అంది."

"రాను అనా?"

"రానా, అని అడిగింది. నేనూ రానా అత్తయ్యా, అని. నువ్వు వద్దన్నావని దానికి చెప్పాను."

"ఎందుకు?"

"నా కాలు విరిగి మంచంలో ఉన్నాను కదా అప్పుడు. అదీ వెళ్ళిపోతే నాకు మంచినీళ్ళెవరిస్తారు? రెండు రోజులకి సర్దుకుంటారులే అనుకున్నాను. మీరు సర్దుకోలేదు. ఏదున్నా ఇద్దరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. పొద్దున్న నువ్వు, సాయంత్రం అది." ఆవిడ తలెత్తి నా కళ్ళలోకి చూసింది. "మీరిద్దరూ ఒకటైతే నేనెవరికి కావాలి?"

'దిగండి' అందామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, దాచుకోను. ఆవిడ వాచిన పాదాలు చూసి కాదు నేను గేరు వేసింది. ఇవాళ ఈవిడ డయాలిసిస్ బెడ్ ఎక్కకపోతే, అక్కడ చిన్నది సంగతి తెలిసి బల్ల దిగి వచ్చేస్తుంది. అందుకు వేశాను.

ఆసుపత్రికి చేరేసరికి ఐదూ ఇరవై ఎనిమిది. డయాలిసిస్ గది బయట బెంచీ మీద ఆవిడని కూర్చోబెట్టి, చిన్నదాని నంబరు కొట్టి, స్పీకరు పెట్టి, ఫోను ఆవిడ చేతిలో ఉంచాను.

"మీరే చెప్పండి. అన్నది అన్నట్టు."

"అక్కా?" అంది చిన్నది అటునుంచి. ఆరేళ్ళ తర్వాత ఆ పిలుపు. "అక్కా, బండి ఆగిపోయిందా? ఎక్కడున్నారు?"

"నేనే," అన్నారు అత్తగారు. "వచ్చేశాం. మీ అక్క బాగానే నడిపింది."

"అది కాదు," అన్నాను నేను పళ్ళు బిగించి.

ఆవిడ ఫోను దగ్గరికి తెచ్చుకుంది. "నువ్వు ఆ రోజు రానా అన్నావు కదే. నేను అక్కకి రాను అన్నావని చెప్పాను. అక్క నిన్ను వద్దనలేదు."

అటు ఎవరో ట్రాలీ తోసుకెళ్తున్న చప్పుడు. తర్వాత చిన్నది మాట్లాడింది. కేకలేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు.

"నాకు తెలుసు అత్తయ్యా. మీరు మాట మారుస్తారని పెళ్ళయిన ఏడాదికే తెలుసు. అక్క అలా అని ఉండదని కూడా తెలుసు. వచ్చాక నన్ను ఒక్క మాట అడుగుతుందేమోనని చూశాను. ఎందుకు రాలేదే, అని తిట్టినా సరిపోయేది. కార్లో కూడా, నేను చెప్పేది వినపడుతూనే ఉంది తనకి. విని కూడా మీ మాటే పట్టుకుంది. లోపలికి పిలుస్తున్నారు. పెట్టేస్తున్నా."

ఫోను ఆగిపోయింది. నర్సు వచ్చి అత్తగారిని బరువు చూసే మిషన్ ఎక్కించి, అంకె గట్టిగా చదివి రాసుకుంది. ఆవిడ అక్కడినుంచి నావైపు చూసింది. ఆవిడ మీద చూపించడానికి నా దగ్గర ఇందాకటి కోపం మిగల్లేదు. ఆవిడ ఒక్క మాట మార్చింది. దాన్ని ఆరేళ్ళు మోసింది నేను.

"ఎంతసేపు పడుతుంది?" అని నర్సుని అడిగాను.

"నాలుగు గంటలు. మీరు వెళ్ళి రావచ్చు."

కారు తాళాలు తీసుకున్నాను. చిన్నదాని ఆసుపత్రికి మళ్ళీ ఆ వంతెన మీదనుంచే పోవాలి. రానా అని ఎవరినీ అడగలేదు.